ఓడిన శనివారం తర్వాత: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మీద పాఠకుల ప్రశ్నలు

చిరకాల ప్రత్యర్థి చేతిలో ఓటమి గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రాసినవాళ్లలో చాలామంది అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు. ఆట కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఇది అండాకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. వెళ్లలేకపోతే బంతి ఎదుటివాళ్లది. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆ వెంటనే వేసే అదనపు తన్నుకు ఇంకొకటి. మైదానం చివర నిలబెట్టిన కొయ్యల మధ్య నుంచి తంతే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు.

ప్రశ్న: 2024 నవంబరు 30న మా ఒహాయో స్టేట్ 13-10 తేడాతో మిషిగన్ చేతిలో ఓడింది. ఆట సొంత మైదానంలోనే. మా ర్యాంకు 2. దాదాపు 20 పాయింట్ల తేడాతో మేమే గెలుస్తామని అంచనాలు. అవతలి జట్టేమో అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడిన జట్టు. మావాళ్లు మనసు పెట్టి ఆడలేదని అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కొలంబస్

జవాబు: కాదండి. మనసు పెట్టలేదనడానికి ఆ ఆటలో ఆధారం దొరకదు. మీ డిఫెన్స్ ఇచ్చింది 13 పాయింట్లు. అవతలి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) డేవిస్ వారెన్ ఆట మొత్తం మీద విసిరి సంపాదించింది 62 గజాలే, పైగా రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే విసిరిన బంతి రెండుసార్లు ఎదుటివాళ్ల చేతికి చిక్కింది. పట్టుదల లేని డిఫెన్స్ ఈ పని చేయలేదు. ఓటమి ఇంకోచోట ఉంది.

ముందు తన్నుడు చూడండి. ఒహాయో స్టేట్ కిక్కర్ 34 గజాల నుంచి ఒకటి, 38 గజాల నుంచి ఒకటి తప్పాడు. అంటే 6 పాయింట్లు. మిషిగన్ కిక్కర్ డొమినిక్ జ్వాడా 54 గజాల నుంచి వేశాడు, ఆట చివర్లో 45 సెకన్లు ఉండగా 21 గజాల నుంచి వేశాడు. మూడు పాయింట్ల తేడాతో పోయిన ఆటలో ఈ నాలుగు తన్నులనే మొదట లెక్కించాలి.

తర్వాత మిషిగన్ చేసిన ఒకే ఒక్క టచ్‌డౌన్. అది వాళ్లు మైదానం పొడవునా నడిచి సంపాదించింది కాదు. మీ క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ విసిరిన బంతిని మిషిగన్ ఆటగాడు ఆమిర్ హాల్ అందుకుని 2 గజాల గీత దాకా తెచ్చేశాడు. అక్కణ్నుంచి కేలెల్ మల్లింగ్స్ తోసుకుని లోపలికి వెళ్లాడు. 2 గజాల దగ్గర నాలుగు ప్రయత్నాలు చేతిలో ఉన్న జట్టును ఆపడం ఏ డిఫెన్స్‌కైనా కష్టమే. ఆ 7 పాయింట్లను డిఫెన్స్ ఖాతాలో రాయకూడదు.

అసలు బాధ పెట్టాల్సింది మూడోది. ఆ ఏడాది ఒహాయో స్టేట్ లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అడ్డుకునే ఐదుగురి వరస, గాయాలతో చిక్కిపోయింది. ఎడమ చివర కాపు కాసే జాష్ సిమన్స్ అక్టోబరులో ఆరెగాన్ ఆటలోనే మోకాలి గాయంతో వెళ్లిపోయాడు. నవంబరులో సాధన చేస్తుండగా సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగింది. మిషిగన్ బలమంతా సరిగ్గా ఆ నడిమధ్యనే ఉంది. అక్కడ నిలబడ్డ మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్ ఇద్దరూ మరుసటి ఏడాది ఎన్ఎఫ్ఎల్ (వృత్తి ఆటగాళ్ల లీగ్) ఎంపికల మొదటి రౌండ్‌లోనే వెళ్లిపోయారు. గ్రాహం 5వ స్థానంలో, గ్రాంట్ 13వ స్థానంలో. గాయపడిన లైన్‌ను ఆ ఇద్దరి మీదికి పదేపదే పంపి మధ్యలోంచి పరుగెత్తించారు. పక్కన జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బూకా, కార్నెల్ టేట్ లాంటి అందుకునేవాళ్లు ఉండగా ఈ పని చేశారు. మొదటి డౌన్‌లో ఒకటి రెండు గజాలొస్తే రెండో డౌన్‌కి 8, మూడో డౌన్‌కి 7 మిగులుతాయి. అప్పుడు విసరక తప్పదని అవతలివాళ్లకూ తెలుసు, డిఫెన్స్ అందుకు సిద్ధంగా కాచుకుని ఉంటుంది. తప్పు పథకానిది. ఆటగాళ్ల గుండెల్ని అనుమానించడం అన్యాయం.

మిషిగన్ కూడా మధ్యలోంచే పరుగెత్తింది. మల్లింగ్స్ 32 సార్లు మోసి 116 గజాలు తెచ్చాడు. సగటు గొప్పదేమీ కాదు, మోతకు నాలుగు గజాలైనా లేవు. కానీ గెలుపు తన్నుకు దారి తీసిన ఆఖరి డ్రైవ్‌లో (బంతి చేతిలో ఉన్న దఫాలో) ఒకే పరుగుకు 27 గజాలు లాగాడు. 30 సార్లు గుద్దించుకున్న డిఫెన్స్‌కు 31వ సారి పట్టు సడలడం సహజం. అందుకే కొన్ని జట్లు ఫలితం కనిపించకపోయినా అదే పరుగును మళ్లీ మళ్లీ వేస్తాయి.

ప్రశ్న: ఓడిన ఆటను మళ్లీ చూసి అర్థం చేసుకోవాలని ఉంది. ఎప్పుడు చూసినా చివరి రెండు నిమిషాల దగ్గరే ఆగిపోతున్నాను. ఏ పద్ధతిలో చూడాలి? ఏ అంకెలు నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్, అలబామా

జవాబు: వీడియో తర్వాత, ముందు కాగితం. ఆ రాత్రే చూడకండి. కళ్లు అప్పటికే అనుకున్న తప్పునే వెతుకుతాయి. ఒకటి రెండు రోజులు పోయాక డ్రైవ్ చార్టు తీసుకోండి. బంతి చేతికొచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా ఒక డ్రైవ్. మామూలుగా ఒక్కో జట్టుకు ఆటలో 11 నుంచి 13 దాకా వస్తాయి. ప్రతి డ్రైవ్‌కీ మూడు సంగతులు రాసుకోండి: ఎక్కడ మొదలైంది, ఎన్ని ప్లేలు (బంతి కదిలించిన ఒక్కో ప్రయత్నం ఒక ప్లే) నడిచింది, ఎలా ముగిసింది.

ఆ కాగితం మీద ఎదుటివాళ్ల 40 గజాల గీత దాటి లోపలికి వెళ్లిన డ్రైవ్‌లకు గుండ్రం చుట్టండి. ఆ డ్రైవ్‌ల నుంచి మొత్తం ఎన్ని పాయింట్లు వచ్చాయో చూసి, డ్రైవ్‌ల సంఖ్యతో భాగించండి. 4కు పైన ఉంటే అవకాశాలు బాగానే వాడుకున్నట్టు. 3 కన్నా తక్కువైతే మీ ఓటమి చాలావరకు అక్కడే దొరికినట్టు. గజాల్లో ముందుండి పాయింట్లలో వెనకబడిన ప్రతి జట్టుదీ ఇదే కథ. చేతికందింది, నోటికందలేదు.

రెండోది ప్రతి ప్లే సఫలమా విఫలమా అన్న లెక్క. మొదటి డౌన్‌లో కావలసిన గజాల్లో సగం రావాలి, రెండో డౌన్‌లో 70 శాతం, మూడో నాలుగో డౌన్లలో మొత్తం. దీన్ని సక్సెస్ రేట్ అంటారు. 10 గజాలు కావలసినప్పుడు మొదటి డౌన్‌లో 5 గజాల పరుగు సఫలం. అదే 5 గజాలు మూడో డౌన్‌కి 8 కావలసినప్పుడు వస్తే విఫలం, స్టేడియం ఎంత చప్పట్లు కొట్టినా సరే. రెండు జట్లకూ ఈ శాతం లెక్కేస్తే ఆ రోజు ఎవరు నిలకడగా ఆడారో తేలిపోతుంది. మీ శాతం ఎక్కువగా ఉండి కూడా ఓడారంటే నాలుగైదు పెద్ద ప్లేలో, చేజారిన బంతులో, తన్నుడో ముంచిందన్నమాట. మీ శాతమే తక్కువైతే ఆఖరి ప్లే మీద కోపం వదిలేయండి. ఆ రోజు అవతలి జట్టే మెరుగు.

పట్టికల్లో జనం మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ను వెనకే పడగొడితే (దీన్ని సాక్ అంటారు) పోయిన గజాలను పరుగుల ఖాతాలోంచి తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో పాసింగ్ ఖాతాలోంచి తీస్తారు. కాబట్టి “మావాళ్లు 40 గజాలే పరుగెత్తారు” అని తిట్టుకునే ముందు అందులో సాక్‌ల కింద ఎన్ని పోయాయో తీసి చూడండి. నాలుగు సాక్‌లకు 30 గజాలు పోతే అసలు పరుగు 70.

జారిన బంతుల విషయంలోనూ అంతే. పోగొట్టుకున్నవే కాదు, జారినవన్నీ లెక్కపెట్టండి. బంతి జారడంలో ఆటగాడి తప్పు ఉంటుంది, కింద పడ్డాక అది ఎవరి చేతికొస్తుందన్నది చాలావరకు అదృష్టం. అండాకారపు బంతి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. రెండు జట్లకూ కలిపి నాలుగు జారితే నాలుగూ అవతలివాళ్లకే దొరికాయంటే దాన్ని దురదృష్టం అనొచ్చు, నిస్సంకోచంగా. బంతి ఎవరి దగ్గర ఎన్ని నిమిషాలుంది అన్న అంకెకు మాత్రం పెద్ద విలువ ఇవ్వకండి. వేగంగా టచ్‌డౌన్ చేసిన జట్టుకు నిమిషాలు తక్కువే ఉంటాయి.

ఇంత అయ్యాక వీడియో. మొత్తం ఆట అక్కర్లేదు. విఫలమైన మూడో డౌన్లు, 40 గజాల లోపల ఆగిపోయిన ప్లేలు, 20 గజాలకు మించి ఇచ్చుకున్నవి తీసుకుంటే 15 ప్లేలు మించవు. ఒక్కోటి మూడుసార్లు చూడండి. మొదటిసారి బంతి వైపు చూడనే వద్దు. మీ లైన్‌లోని ఐదుగురినే చూడండి, ఎవరు మొదట వెనక్కి జరిగారో తెలుస్తుంది. రెండోసారి అందుకునేవాళ్లనూ, వాళ్లను కాచేవాళ్లనూ చూడండి. మామూలు ప్రసారంలో లోతుగా నిలబడ్డ సేఫ్టీలు, అంటే డిఫెన్స్‌లో చివరి కాపలాదార్లు, తెరమీద ఉండరు. ఎండ్ జోన్ (టచ్‌డౌన్ గీత అవతలి భాగం) వెనక కెమెరాతో చూపించే రీప్లే దాకా ఆగితే కనిపిస్తారు. మూడోసారి బంతి. క్వార్టర్‌బ్యాక్ చెత్తగా విసిరాడనుకున్న బంతుల్లో చాలా వాటికి కారణం మొదటిసారి చూసినప్పుడే దొరికి ఉంటుంది.

ప్రశ్న: కాలేజీ కిక్కర్లు అంత దగ్గర్నుంచి కూడా ఎందుకు తప్పుతారు? ఎన్ఎఫ్ఎల్‌లో అవి కళ్లు మూసుకుని వేస్తున్నట్టుంటుంది.
– ఒక విద్యార్థి, టస్కలూసా

జవాబు: కారణాల్లో ఒకటి మైదానం మీదే గీసి ఉంది. ఆట మొదలయ్యే చోటును నిర్ణయించే హాష్ గుర్తుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కొయ్యల మధ్య వెడల్పు మాత్రం రెండు చోట్లా 18 అడుగుల 6 అంగుళాలే. అంటే ఎన్ఎఫ్ఎల్‌లో హాష్ మీద పెట్టిన బంతి కొయ్యకు దాదాపు ఎదురుగా ఉంటుంది. కాలేజీలో మధ్య నుంచి 20 అడుగులు పక్కకు, కొయ్యకు బయట 10 అడుగులకు పైగా దూరంలో ఉంటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఈ వంపు ఎక్కువవుతుంది కూడా. హాష్ మీద నుంచి 45 గజాల తన్నుకు సుమారు 8 డిగ్రీల వంపైతే, 25 గజాల తన్నుకు 15 డిగ్రీలు. అందుకే తెలిసిన కోచ్ తన్నుడుకు ముందు ప్లేలో బంతిని మధ్యకు తెచ్చుకుంటాడు. ఆ ఒక్క పరుగుకు గజాలు రాలేదని విసుక్కోకండి. దాని పని అది చేసింది.

దూరం లెక్క ఇలా వేసుకోండి: బంతి ఉన్న గీతకు 17 కలపాలి. ఎండ్ జోన్ 10 గజాలు, బంతి పట్టుకుని నిలబెట్టేవాడు 7 గజాలు వెనక ఉంటాడు. 17వ గీత దగ్గర ఆగితే 34 గజాల తన్ను. స్నాప్ (బంతిని వెనక్కి అందించడం), పట్టు, తన్ను మూడూ కలిపి 1.3 సెకన్లు దాటితే అడ్డుకునేవాళ్ల చేతులు అందుతాయి. తప్పిన తన్నుకు కిక్కర్‌నే అంటాం గానీ, బంతి నిలబెట్టినప్పుడు కుట్లు కాలి వైపు తిరిగి ఉన్నా, వాలు కాస్త తేడా వచ్చినా అది కొయ్యను తాకుతుంది. రీప్లేలో ముందు ఆ చేతుల్ని చూడండి.

మీ ఊరి నుంచి రాశారు కాబట్టి 2013 సంగతి చెప్పక తప్పదు. అదీ నవంబరు 30నే. మీ అలబామా, చిరకాల ప్రత్యర్థి ఆబర్న్ 28-28. గడియారం అయిపోయిందనుకుంటే సమీక్షలో ఒక్క సెకను వెనక్కి ఇచ్చారు. అప్పటికే మూడు ఫీల్డ్ గోల్స్ చేజారిన అలబామా 57 గజాల తన్నుకు సిద్ధపడింది. బంతి కొయ్యల దాకా వెళ్లలేదు. ఎండ్ జోన్ చివర నిలబడ్డ క్రిస్ డేవిస్ అందుకుని 109 గజాలు పరుగెత్తాడు. 34-28. మైదానం లోపలే పడే తన్ను ఇంకా ఆటలో ఉన్న బంతే. ఫీల్డ్ గోల్‌కు నిలబడే పదకొండు మందిలో ఎక్కువమంది అడ్డంగా నిలబడడానికి ఎంచుకున్న భారీ మనుషులు. వేగంగా పరుగెత్తేవాణ్ని వాళ్లు వెంటాడి పట్టుకోలేరు. ఒక్క సెకను మిగిలి ఉన్నప్పుడు 57 గజాల తన్నుకన్నా ఎండ్ జోన్‌లోకి ఎత్తుగా విసిరేయడమే తక్కువ ప్రమాదమని మా అభిప్రాయం. ఓవర్‌టైమ్ ఎలాగూ ఉంది.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాం. తప్పిన కిక్కర్‌కు, జార్చిన ఆటగాడికి ఫోన్‌లో నేరుగా ఏమీ రాయకండి. తిట్టూ వద్దు, ఓదార్పూ వద్దు. వాళ్లు 18, 20 ఏళ్ల విద్యార్థులు. ఓడిన రాత్రి వాళ్ల ఫోన్‌లోకి వచ్చి పడేవి మీరు ఊహించలేరు.

ప్రశ్న: నా రూమ్మేటు మిషిగన్ అభిమాని. ఈ మధ్యే వచ్చాను, నాకు ఆట తెలియదు. ఓడిన రోజు నుంచి అతను సరిగా మాట్లాడటం లేదు. ఏమనాలి?
– ఒక విద్యార్థి, యాన్ ఆర్బర్

జవాబు: “ఆటే కదా” అనొద్దు. “వచ్చే ఏడాది గెలుస్తారులే” అన్నా పుండు మీద కారమే, ఎందుకంటే ఏడాదికి ఒక్కటే ఆట. మిషిగన్, ఒహాయో స్టేట్ మొదటిసారి తలపడింది 1897లో. చాలా ఇళ్లలో అది తాతల నాటి పట్టింపు. నాలుగో ఏడాది విద్యార్థికైతే విద్యార్థిగా అదే చివరి ఆట.

రెండు రోజులు వదిలేసి, తర్వాత ఒక ప్రశ్న అడగండి: “ఆట ఎక్కడ చేయి జారిందంటావ్?” అంతే. అభిమాని కోరుకునేది వినేవాణ్ని. అతను చెప్పింది సగమే అర్థమైనా ఫర్వాలేదు, ఆ వారం స్కోరు మాత్రం మీ నోటితో పలకకండి.

ప్రశ్న: 2024లో మిషిగన్ చేతిలో ఓడినా, ఒహాయో స్టేట్ జాతీయ టైటిల్ గెలిచింది కదా. ఇంకా ఆ ఓటమి గురించి బాధపడటంలో అర్థముందా?
– ఒక పాఠకురాలు, సిన్సినాటి

జవాబు: ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ జట్టు ఇంట ఓడి రచ్చ గెలిచింది. అభిమాని మనసులో ఆ రెంటికీ రెండు వేర్వేరు ఖాతాలు.

అసలు ఆ టైటిల్‌కు దారి దొరికిందే నియమాలు మారడం వల్ల. జాతీయ టైటిల్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో నాలుగే జట్లున్న 2014 నుంచి 2023 వరకు, రెండు ఆటలు ఓడిన జట్టు ఒక్కటి కూడా లోపలికి రాలేదు. 2024లో 12 జట్లయ్యాయి. రెండు ఓటములతో ఒహాయో స్టేట్ 8వ స్థానంలో వచ్చింది. మిషిగన్ చేతిలో ఓటమి వల్ల ఈ రెండు జట్లూ ఉన్న లీగ్ బిగ్ టెన్ ఫైనల్ చేజారింది, ఒక ఆట అదనంగా ఆడాల్సి వచ్చింది. టెనెసీని 42-17, ఆరెగాన్‌ను 41-21, టెక్సస్‌ను 28-14 తేడాలతో దాటి, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్ మీద 34-23తో గెలిచింది.

గమనించాల్సింది ఏమిటంటే, పథకం మారింది. ఆరెగాన్ ఆటలో బంతిని మొదట్నుంచే బయటికి విసిరారు. జెరెమయా స్మిత్ ఒక్కడే 7 సార్లు అందుకుని 187 గజాలు తెచ్చాడు. ఒక దశలో స్కోరు 34-0. అదే లైన్, అదే క్వార్టర్‌బ్యాక్, నెల రోజుల తేడా. దీన్ని చూస్తే సంతోషం ఎంత కలుగుతుందో, నవంబరు 30న ఇది ఎందుకు చేయలేదన్న బాధా అంతే కలుగుతుంది. ఆ బాధ న్యాయమైనదే.

పాత రోజుల్లో ఈ తలుపు కూడా ఉండేది కాదు. 1973లో ఈ రెండు జట్లూ ఓటమి లేకుండా వచ్చి 10-10తో సమంగా ముగించాయి. సీజన్ చివర జరిగే పెద్ద ఆట రోజ్ బౌల్‌కు ఎవరు వెళ్లాలో బిగ్ టెన్ అథ్లెటిక్ డైరెక్టర్లు ఓటు వేసి తేల్చారు. ఒహాయో స్టేట్ వెళ్లింది, మిషిగన్ ఓడకుండానే ఇంట్లో కూర్చుంది. 2006లో మొదటి, రెండో ర్యాంకులతో తలపడినప్పుడు 42-39తో ఓడిన మిషిగన్‌కు మళ్లీ అవకాశం రాలేదు. ఆ ఆటకు ముందురోజే వాళ్ల పాత కోచ్ బో షెంబెక్లర్ కన్నుమూశాడు. అలాంటి ఓటమిని ఇంకేదో గెలుపుతో సర్దేసుకోమని ఎవరికి చెప్పగలం?

ప్రశ్న: 2016 ఆటలో నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జె.టి. బారెట్ గీత దాటలేదని మా అన్నయ్య ఇప్పటికీ వాదిస్తాడు. రీప్లే చూసి కూడా ఎందుకు మార్చలేదు?
– ఒక పాఠకుడు, డెట్రాయిట్

జవాబు: రీప్లే ఉన్నది “దాటాడా” అని మొదట్నుంచి తేల్చడానికి కాదు, మైదానం మీద ఇచ్చిన నిర్ణయం తప్పని తిరుగులేకుండా కనిపిస్తుందా అని చూడడానికి. అలా కనిపించకపోతే ఇచ్చిందే నిలుస్తుంది. 2024 దాకా, నిర్ణయం సరైనదేనని స్పష్టంగా కనిపించినప్పుడు “కన్ఫర్మ్డ్” అనేవారు, తేలనప్పుడు “స్టాండ్స్” అనేవారు. మీ అన్నయ్యగారికి ఈ తేడా చెప్పండి. రెండో మాట వినిపించిందంటే ఆయన వాదన తప్పని ఎవరూ రుజువు చేయలేదనే అర్థం.

అది రెండో ఓవర్‌టైమ్. మిషిగన్ 27-24తో ముందుంది. ఒహాయో స్టేట్‌కు ఒక్క గజం కావాలి. చూడాల్సింది ఒంటిని కాదు, బంతిని. మోకాలో మోచేయో నేలకు తగిలిన క్షణాన, లేదా ముందుకు సాగడం ఆగిన క్షణాన, బంతి ముందు కొన ఎక్కడుందో అదే స్థానం. అంతమంది మీద పడ్డ కుప్పలో బంతి ఒక కెమెరాలో, మోకాలు ఇంకో కెమెరాలో కనిపిస్తాయి, రెండూ ఒకే చిత్రంలో దొరకవు. పక్క గీతల దగ్గరి అధికారులు పరుగెత్తుకొచ్చి కాలు పెట్టి గుర్తు చూపిస్తారు. అక్కడ అంగుళాల తేడా రావడం మామూలే. తర్వాతి ప్లేలోనే కర్టిస్ సామ్యుయెల్ 15 గజాలు పరుగెత్తి 30-27తో ముగించాడు.

మీ అన్నయ్యగారి బాధ మాకు అర్థమవుతోంది. కానీ మామూలు సమయంలో 17-17 దాకా వచ్చిన ఆటలో మిషిగన్ తనంతట తాను ఇచ్చుకున్న బంతుల్ని కూడా లెక్కలో వేయమనండి.

ప్రశ్న: ఓడినవాళ్లు ఎలా ప్రవర్తించాలన్న ఆనవాయితీ ఏ పోటీలోనైనా ఉందా? 2024 ఆట తర్వాత జరిగింది చూసి మా పిల్లలు భయపడ్డారు.
– ఒక తల్లి, డేటన్

జవాబు: ఆ రోజు గెలిచినవాళ్లు మైదానం మధ్యన జెండా పాతబోతే తోపులాటయింది, పోలీసులు మిరియపు స్ప్రే వాడారు. బిగ్ టెన్ రెండు కాలేజీలకూ చెరో 1,00,000 డాలర్ల జరిమానా వేసింది. పిల్లలతో వెళ్తే ఆఖరి రెండు నిమిషాలకు ముందే కింది వరసల్లోంచి పైకి వచ్చేయండి. జనం మైదానంలోకి దూకేది కింది వరసల మీదుగానే.

పిల్లలకు చూపించాల్సింది సైన్యం, నౌకాదళం అధికారులను తయారుచేసే కాలేజీల మధ్య జరిగే ఆర్మీ–నేవీ ఆట. 1890లో మొదలైన పోటీ అది. ఆట ముగియగానే రెండు జట్లూ కలిసి ముందు ఓడినవాళ్ల విద్యార్థుల ఎదుట నిలబడి వాళ్ల కాలేజీ గీతం పాడతాయి, తర్వాత గెలిచినవాళ్ల వైపు వెళ్లి వాళ్లది పాడతాయి. అందుకే అక్కడ గెలవాలనడానికి “రెండోసారి పాడాలి” అంటారు. 2002 నుంచి 2015 దాకా వరసగా 14 ఏళ్లు ఆర్మీ ఓడింది. ఆ పద్నాలుగేళ్లూ వాళ్లు నిలబడి పాడారు.

ప్రశ్న: ఆధిక్యంలో ఉండి చివరి సెకన్లలో ఓడడం కన్నా ఘోరం లేదు. గడియారాన్ని ఎలా చంపాలి? 2015లో మిషిగన్ ఆ పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు వదిలేయడం) వేయకుండా ఉండాల్సిందా?
– ఒక పాఠకుడు, లాన్సింగ్

జవాబు: ముందు మామూలు లెక్క. ప్లేకు ప్లేకు మధ్య 40 సెకన్లు. సమయం గడపడానికే క్వార్టర్‌బ్యాక్ మోకాలు నేలకు ఆనించే ప్లేకు రెండు సెకన్లు. అవతలివాళ్లకు టైమౌట్లు లేకపోతే, మొదటి డౌన్ నుంచి నాలుగుసార్లు మోకాలు ఆనిస్తే సుమారు 2 నిమిషాల 8 సెకన్లు పోతాయి. వాళ్ల దగ్గరున్న ఒక్కో టైమౌట్ అందులోంచి 40 సెకన్లు తీసేస్తుంది. ఒకటుంటే 88, రెండుంటే 48, మూడుంటే 8 సెకన్లే. 2024 నుంచి కాలేజీలోనూ రెండు నిమిషాల దగ్గర ఆట ఆపుతున్నారు కాబట్టి, ఆ గీత దాటాక టైమౌట్లు లేని ప్రత్యర్థి మీద మొదటి డౌన్ సాధిస్తే ఆట అయిపోయినట్టే. మూడో డౌన్‌లో బయటికి పరుగెత్తి గడియారం ఆపేసిన ఆటగాడి మీద కోచ్ ఎందుకు అరుస్తాడో ఈ లెక్కే చెబుతుంది.

2015 అక్టోబరు 17న మిషిగన్ 23-21తో ముందుంది. నాలుగో డౌన్, 2 గజాలు కావాలి, 10 సెకన్లు ఉన్నాయి. బంతి ఆ రోజు ప్రత్యర్థి మిషిగన్ స్టేట్ 47వ గజం దగ్గర. పంట్ నిర్ణయం తప్పు కాదు. అవతలివాళ్లు బంతి అందుకోడానికి వెనక ఎవర్నీ పెట్టకుండా అందర్నీ ముందుకు పంపారు. అది చూశాక మిషిగన్ కూడా చివరి మనుషుల్ని లోపలికి పిలుచుకుని, పంటర్ ముందు గోడ కట్టాల్సింది. స్నాప్ కిందికి వచ్చింది, బంతి చేతిలో నిలవలేదు. తప్పు జరిగింది ఆ తర్వాతి సెకనులో. పంటర్ దాన్ని ఎత్తి ఎలాగైనా తన్నబోయాడు. దాని మీద పడిపోయి ఉంటే బంతి మిషిగన్ 38వ గజం దగ్గర అవతలివాళ్లకు వెళ్లేది. అక్కణ్నుంచి 55 గజాల ఫీల్డ్ గోల్ వేయాలి, అది కూడా కొన్ని సెకన్లలో మైదానం మీదికి మనుషుల్ని దింపి. బంతి గాల్లోకి లేచి జేలెన్ వాట్స్-జాక్సన్ చేతిలో పడింది. 38 గజాలు పరుగెత్తాడు, గడియారం సున్నాకు వచ్చింది, స్కోరు 27-23. గీత దగ్గర అందరూ మీద పడడంతో అతని తుంటి ఎముక పక్కకు తప్పింది. గెలిపించిన ఆటగాణ్ని మైదానం నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు.